నీళ్ళ పేజీ

మా ఆఫీసులో ఇన్నేళ్ళయినా కొత్తగా ఉన్న కుర్చీ ఒక్కటే, పెన్సిలక్కది. కూర్చుంటే కదా అరిగేది. నడుంనొప్పి మూలాన ఆవిడ పది నిమిషాలకు మించి ఎక్కడా కూర్చోలేదు. లేస్తుంది, కిటికీ దాకా పోతుంది, తిరిగొస్తుంది, నా భుజం మీదుగా కంప్యూటర్లోకి తొంగిచూసి "అది మూడు కాదు, ఎనిమిది" అంటుంది, మళ్ళీ కిటికీ. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి "నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయక్కా" అన్నాను. "అయితే కళ్ళు మూసుకుని కొట్టు, ఎలాగూ తప్పులే కొడుతున్నావు" అంది.

మాది మనస్తత్వ పరిశోధన చేసే చిన్న సంస్థ. ఏళ్ళ తరబడి వదలని నొప్పులు, పట్టని నిద్ర, పిల్లల పెంపకం, మొగుడి చేతి దెబ్బలు, ఇవన్నీ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో తేల్చడం మా పెద్ద మేడం పని. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళని ప్రశ్నలడగడం అక్క పని. ఆవిడ తెచ్చిన జవాబుల్ని అంకెలు చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ తిరుగుతోంది, పదకొండేళ్ళుగా నేను ఎక్కిస్తున్నాను.

ఆవిడ పెన్సిలుతోనే రాస్తుంది. మేడం మొదట్లో అభ్యంతరం చెప్పిందట. "పెన్ను చూస్తే భయపడతారండీ. పెన్సిలైతే చెరపొచ్చు కదా అని చెబుతారు" అని అక్క ఒప్పించింది. నిజమే. ఆ కాగితాల్లో 'లేదు' అని రాసి, చెరిపేసి, దాని మీదే 'అవును' అని రాసినవి నేను వందల్లో చూశాను. ముప్పావుగంట మాట్లాడాక "ఇందాక లేదన్నాను కదండీ, అది మార్చండి" అంటారట. ఆ చెరిపిన మరకల వల్లే నాకు మూడు ఎనిమిదిలా, ఎనిమిది మూడులా కనిపిస్తాయి. తప్పులు నావి కావని చెప్పడానికే ఇదంతా చెప్పాను.

ఇక నీళ్ళ పేజీ సంగతి. మా ఫారంలో దెబ్బల గురించిన ప్రశ్నల వెనకే ఒక ఆకుపచ్చ కాగితం ఉంటుంది. ఆ ప్రశ్నలు అడుగుతుండగా భర్తో, అత్తో, ఎవరైనా గదిలోకి వస్తే గభాల్న ఆ పేజీకి తిప్పేయాలి. 'తాగే నీళ్ళు కాస్తారా? ఎంతసేపు కాస్తారు? వడకట్టే గుడ్డ ఎన్నాళ్ళకోసారి ఉతుకుతారు?' వచ్చినవాడు ఓహో, నీళ్ళ సర్వే కాబోలనుకుని పోతాడు. మళ్ళీ అసలు పేజీ. ఆ ఆకుపచ్చ పేజీ జవాబులు నేను కంప్యూటర్లోకి ఎక్కించను. నేరుగా చెత్తబుట్టలోకే పోతాయి.

తిప్పడం తేలికే అనిపిస్తుంది కానీ కాదు. గొంతు మారకూడదు. చూపు కాగితం మీంచి లేవకూడదు. చెయ్యి తడబడకూడదు. అక్క ఇది ఇంట్లో కూతురితో సాధన చేసింది. అప్పటికి ఆవిడ భర్త పోయి ఆరునెలలు, పిల్లకి పదేళ్ళు. ఆ పిల్ల వాళ్ళ నాన్న చొక్కా తొడుక్కుని మొగుడి వేషం కట్టేది. వంటింట్లో నక్కి, చప్పుడు చేయకుండా వచ్చి తలుపు తోసేది. "దొరికిపోయావు, గొంతు మారింది." "దొరికిపోయావు, నావైపు చూశావు." నెల తర్వాత ఒకనాడు నడుం మీద చేతులు పెట్టుకుని "ఇవాళ దొరకలేదమ్మా" అందట. ఆ మాట అక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఉద్యోగంలో తనకి దక్కిన పెద్ద బిరుదు అదేనన్నట్టు చెప్పేది.

ఆ పిల్లకి పెళ్ళయి నాలుగేళ్ళు. రెండున్నరేళ్ళ కూతురుంది. అల్లుడిది ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో చేసే ఉద్యోగం. ఊళ్ళోనే ఉంటారు కానీ ఊరికి ఆ చివర. మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ చేస్తుంది. భుజంనొప్పితో ఫోన్ చెవి దగ్గర పట్టుకోలేదు కనుక అక్క దాన్ని స్పీకర్లో పెట్టి టిఫిన్ బాక్సుకి ఆనిస్తుంది. కాబట్టి ఆ సంభాషణలన్నీ నేనూ విన్నాను. వినలేదని తప్పించుకోవడానికి లేదు.

"మెడ పట్టేసిందమ్మా. నెలయింది, వదలట్లేదు."

"దిండు మార్చవే. ఎత్తు దిండు వేసుకుంటున్నావేమో."

"నిద్రే లేకపోతే దిండెందుకు? పిల్ల ఊరికే ఉలిక్కిపడి లేస్తోంది. నాకూ ఊరికే చిరాకు. దాని మీద అరుస్తున్నాను. అమ్మా, నీకో మాట చెబుదామని... నీళ్ళు కాచుకుని తాగుతున్నావా? ఎంతసేపు కాస్తున్నావు?"

"పది నిమిషాలు కాస్తున్నాలేవే."

"వడకట్టే గుడ్డ ఉతుకుతున్నావా?"

"ఉతుకుతున్నాను తల్లీ."

ఫోన్ పెట్టేశాక అక్క మొహం వెలిగిపోయేది. "చూశావా, దాని బాధలు దానికుండగా నా నీళ్ళ గురించి బెంగ" అనేది. నాకు కుళ్ళుగా ఉండేది. మా అమ్మాయి నేను తిన్నానో లేదో కూడా అడగదు. ఏడు నెలల పాటు, వారానికి రెండు మూడుసార్లు, మా టిఫిన్ బాక్సుల మధ్య ఈ నీళ్ళ మాట నడిచింది. ఒకరికి ఆ పేజీ నోటికి వచ్చు. ఇంకొకరు ఆ పేజీని చింపి పారేసే మనిషి. ఇద్దరం తెలివైనవాళ్ళమని పేరు. మాకంటే మొద్దులు ఆ బిల్డింగులో లేరు.

కొత్తగా ఇద్దరు అమ్మాయిలు చేరితే అక్క వాళ్ళకి శిక్షణ ఇస్తోంది. ఒకమ్మాయి ప్రశ్నలడగాలి, రెండో అమ్మాయి మొగుడిలా తలుపు తోసుకుని రావాలి. అక్క కిటికీ దగ్గర వీపు ఆనించి నిలబడి తప్పులు పడుతోంది. "గొంతు మారింది, మళ్ళీ." "అతనివైపు చూశావు, మళ్ళీ." ఆరోసారో ఏడోసారో ఆ అమ్మాయి "మీ భర్త ఎప్పుడైనా మిమ్మల్ని..." అంటుండగా తలుపు తెరుచుకుంది. రెప్పపాటులో పేజీ తిరిగింది. "నీళ్ళు కాచుకుని తాగుతున్నారా? ఎంతసేపు కాస్తున్నారు?" అంది, ఎంతో ఆప్యాయంగా.

బాగా చేసిందని నేను తలెత్తి చూశాను. అక్క కిటికీ వదిలింది. మెల్లగా నడిచొచ్చి తన కుర్చీలో కూర్చుంది. పది నిమిషాలు దాటింది. ఇరవై దాటింది. లేవలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

"ఏమైందక్కా?"

"దాని గొంతు మారలేదే" అంది. "ఏడు నెలల్లో ఒక్కసారి కూడా మారలేదు. నేనే నేర్పించాను."

ఎవరి గొంతో నాకు అర్థమవడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక మా టిఫిన్ బాక్సుల వైపు చూశాను.

మర్నాడు మధ్యాహ్నం దాకా అక్క కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కిటికీ, తలుపు, మెట్లు, మళ్ళీ కిటికీ. నేను ఒక్క ఫారం కూడా ఎక్కించలేకపోయాను. ఫోన్ రాగానే అలవాటు ప్రకారం స్పీకర్లో పెట్టింది. మెడనొప్పి, నిద్ర, పిల్ల, ఆ వరసలోనే వచ్చాయి. ఎప్పటిలాగే మాట మధ్యలో "నీళ్ళు కాస్తున్నావా?" వచ్చింది.

"నీళ్ళ పేజీయేనా తల్లీ?" అంది అక్క.

అటువైపు ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు, పసిదాని ఏడుపు. తర్వాత ఎప్పటి గొంతుతోనే "అవునమ్మా. ఆ నీళ్ళే" అని పెట్టేసింది.

అక్క చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "పరిగెత్తుకుపోయి ఏం చేస్తావు? కొత్త పిల్లలకి నువ్వు చెప్పేదేమిటి? ఆమెని ఒంటరిగా అడగాలి, ఆమె కోరిందే చెయ్యాలి, ముందు తలదాచుకునే చోటు చూడాలి, ఆ తర్వాతే తలుపు తట్టాలి."

"దెబ్బలు తినేవాళ్ళు ఎవరి పిల్లలో కదా. అందుకే అంత బాగా చెప్పాను" అంది. కానీ ఆగింది. ఆ సాయంత్రం తన గదిలో రెండు పరుపులు పరిచింది, తలుపుకి కొత్త గడియ వేయించింది, పై అంతస్తులో ఉండే పొరుగతనికి సంగతి చెప్పి ఉంచింది. ఒక్కటే చిక్కు. అల్లుడు ఇంట్లోంచి కదలడు. అమ్మాయిని ఒంటరిగా అడిగేదెలా? ఆ ఉపాయం కూడా అక్కదే. పసిపిల్లల తల్లుల నిద్ర మీద కొత్త ఫారం వచ్చింది, ఆఫీసు వాళ్ళు ముందు తెలిసినవాళ్ళ మీద సరిచూసుకు రమ్మన్నారు, తల్లి ఒక్కతే ఉండాలి. నేను పై అధికారిణి. మేడంతో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి ఆఫీసు వ్యాన్ అడిగాం. ఆవిడ మమ్మల్ని కాసేపు చూసి డ్రైవర్ని పిలిచింది.

అల్లుడు తలుపు తీశాడు. మర్యాదస్తుడు, మెత్తని గొంతు. "రండి అత్తయ్యగారూ, కూర్చోండి" అని తనే లోపలికెళ్ళి రెండు గ్లాసులతో నీళ్ళు తెచ్చాడు. "కాచి చల్లార్చినవేనండీ. మీ అమ్మాయికి ఈమధ్య నీళ్ళ పిచ్చి పట్టుకుంది, ఎప్పుడు చూసినా మీతో అదే గోల" అని నవ్వాడు. నాకు ఆ గ్లాసు అతని మొహాన కొట్టాలనిపించింది. అక్క మొత్తం తాగి, "మంచిది బాబూ" అని గ్లాసు కింద పెట్టింది.

తల్లీ కూతుళ్ళు పడగ్గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. పసిది నా ఒళ్ళోకి వచ్చింది. కూర్చున్న ఐదు నిమిషాలకే నా భుజం మీద నిద్రపోయింది. నేను అతన్ని అతని ఉద్యోగం గురించి అడిగాను, కుర్చీ గురించి అడిగాను, ఇంటర్నెట్ స్పీడు గురించి అడిగాను. నాకు తెలిసిన చెత్తంతా అడిగాను.

లోపల జరిగింది తర్వాత తెలిసింది. అక్క దెబ్బల పేజీ దాకా ప్రశ్నలు వరస తప్పకుండా అడిగింది. మా ఫారంలో మనిషి బొమ్మ ఉంటుంది, నొప్పి ఉన్నచోట పెన్సిలుతో నలుపు చెయ్యాలి. అమ్మాయి మెడ, ఎడమ చెవి వెనక, పక్కటెముకలు నలుపు చేసింది. నిద్ర ఎన్ని గంటలంటే మూడు. పిల్లల మీద చెయ్యి చేసుకున్నారా అనే ప్రశ్న దగ్గర మాత్రం తల వంచేసిందట. "మొన్న దాన్ని తోసేశానమ్మా. మంచం కోడు తగిలింది. అచ్చం ఆయన తోసినట్టే తోశాను" అని ఏడ్చిందట. ముందు 'లేదు' అని రాయించి, చెరిపించి, 'అవును' అని రాయించింది. ఇన్నేళ్ళలో అంత కష్టంగా ఏ జవాబూ రాయలేదని అక్క నాతో అంది.

నా చెత్త అయిపోయింది. అతను వాచీ చూసుకుని లేచాడు. "నిద్ర గురించి ఇంతసేపా?" అంటూ తలుపు తోశాడు. పసిదాన్ని ఎత్తుకుని నేనూ వెనకే వెళ్ళాను.

అతన్ని చూడగానే అమ్మాయి చెయ్యి ఆకుపచ్చ పేజీ మీదికి పోయింది. చూపు కాగితం మీంచి లేవలేదు, చెయ్యి తడబడలేదు. అక్క ఆ చేతిని పట్టుకుని ఆపింది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ పేజీ తిప్పకపోవడం అదే మొదలు. మా శిక్షణ పుస్తకం ప్రకారం అది తప్పు, ప్రమాదం కూడా. కొత్త పిల్లలెవరైనా చేసుంటే అక్కే ఉద్యోగంలోంచి పంపించేది.

అదే గొంతుతో చదివింది. "గత పన్నెండు నెలల్లో మీ భర్త మిమ్మల్ని కొట్టడం గానీ, నెట్టడం గానీ, గొంతు పట్టుకోవడం గానీ చేశారా?"

"ఏమిటండీ ఇది?" అన్నాడతను.

"ప్రశ్న బాబూ. జవాబు చెప్పాల్సింది మీరు కాదు."

అమ్మాయి తల్లి మొహంలోకి చూసింది. "చేశారు" అంది.

"ఒకసారా, కొన్నిసార్లా, చాలాసార్లా?"

"చాలాసార్లు."

అక్క పెన్సిలుతో సున్నా చుట్టింది. "ఇప్పుడు మీరేం కోరుకుంటున్నారు?" ఫారంలో ఆఖరి ప్రశ్న అది.

"వెళ్ళిపోదామమ్మా."

అతను మంచం వైపు ఒక్క అడుగు వేశాడు. నా ఒళ్ళు చూసి మా ఇంట్లో అందరూ వేళాకోళం చేస్తారు, గుమ్మంలో నిలబడితే గాలి రాదని. ఆ పూట పసిదాన్ని అమ్మాయికి అందించి, అతనికీ మంచానికీ మధ్య గోడలా నిలబడ్డాను. "కింద డ్రైవరున్నాడు, ఆఫీసులో మా మేడం ఫోన్ పట్టుకుని ఉంది, మీరు కూర్చోండి" అన్నాను. నా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. కానీ లావు మనిషికి వణుకు బయటికి కనపడదు. అతను నన్ను చూశాడు, తలుపు చూశాడు, పక్కకి జరిగాడు. ముందు అమ్మాయి, వెనక అక్క, ఆఖరున నేను మెట్లు దిగాం.

వ్యాన్ కదిలింది. అక్క సీటు అంచున కూర్చుని, ప్రతి మలుపుకీ వెనక్కి తిరిగి చూస్తోంది. కుదురుగా కూర్చోలేకపోతోంది, వ్యాన్లో లేచి నిలబడే వీలు లేదు. మోకాళ్ళు ఆడిస్తూనే ఉంది. నాలుగో మలుపు దాటాక అమ్మాయి అడిగింది.

"అమ్మా, ఇంతకీ నువ్వు నిజంగా నీళ్ళు కాస్తున్నావా?"

అక్క కిటికీలోంచి బయటికి చూసింది. "కాస్తున్నానే. పది నిమిషాలు" అంది.

అమ్మాయి ఆ మొహంలోకి తేరిపార చూసింది. ఏడు నెలల్లో నేను ఫోన్లో ఎన్నడూ వినని గొంతుతో, సగం ఏడుపుగా, సగం నవ్వుగా, "దొరికిపోయావమ్మా" అని పసిదాన్ని ఒళ్ళో సర్దుకుంది.