వీరభద్రయ్య గారి సర్టిఫికెట్

దెయ్యాలను నేను నమ్మను. భవానీపురంలో మేం అద్దెకున్న ఇంట్లో మేడ మీద ఎవరో నడుస్తున్నారని అందరూ హడలిపోతే, పైకెళ్లి ఊగుతున్న తలుపుకు గడియ బిగించి వచ్చినదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ ఈ సంగతి మాత్రం ఎవరికో ఒకరికి చెప్పాలి.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చేనేత బట్టల వ్యాపారానికి సర్వర్ చూసే పని నాది. యజమాని కోటేశ్వరమ్మ గారు. చుట్టుపక్కల ఊళ్లలో ఐదు కొట్లున్నాయి. పాస్‌వర్డులు ఒకరివొకరు వాడేసుకుంటున్నారని, కంప్యూటర్ కూడా గుర్తింపు కార్డు చూపిస్తేనే సర్వర్ తలుపు తీసేలా పెడదామన్నాను. ఆ కార్డునే క్లయింట్ సర్టిఫికెట్ అంటాం. దానికి జోడీగా కంప్యూటర్‌లో ఒక రహస్య తాళంచెవి ఉంటుంది. అది లేకపోతే కార్డు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మొదటి సర్టిఫికెట్ చల్లపల్లి కొట్టు మేనేజరు వీరభద్రయ్య గారి లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. ఆయనకు అరవై దాటాయి. ఏం లెక్కపెట్టినా పాతకాలం కొలతల్లోలాగా ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అనేవారు. ఆర్డర్ ఫారంలో మొదటి చీర పక్కనున్న ఖాళీ గడిలో కూడా ‘లాభం’ అని కొట్టేవారు.

"ఏమండీ, ఆ గడి అందుకు కాదండీ" అని ఎన్నిసార్లు కసురుకున్నానో.

"మా నాన్న అట్టాగే నేర్పాడమ్మా, నాకింకోలా రాదు" అని నవ్వేసేవారు.

ఆ తర్వాత రెండు నెలలకే గుండెపోటుతో పోయారు. నాకు చాలా బాధేసింది. ఆయన లాప్‌టాప్ నా దగ్గరికొస్తే, రూలు ప్రకారం ఆ తాళంచెవి ఉన్న డిస్కు తీసి నా చేత్తోనే సుత్తితో పగలగొట్టాను. సర్టిఫికెట్‌ను మాత్రం రద్దు జాబితాలో వేయడం మర్చిపోయాను. ఆ తప్పు నాదే.

పోయిన శ్రావణంలో కొత్త పద్ధతి మొదలుపెట్టాం. కోటేశ్వరమ్మ గారు పంతులుగారిని అడిగి ఉదయం పదీ పన్నెండుకు ముహూర్తం పెట్టించారు. సర్టిఫికెట్లు కూడా సరిగ్గా ఆ నిమిషం నుంచే చెల్లాలని పట్టుబట్టారు. సరేనని ఐదుగురు మేనేజర్లవీ, నాదీ టైము చేత్తో కొట్టి తయారుచేశాను.

ఐదుగురూ లాప్‌టాప్‌లతో ఆఫీసుకే వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు, నేను మీట నొక్కాను, పూతరేకులు పంచారు. అప్పుడు చూస్తే ఎవరి కార్డూ చెల్లలేదు. సర్వర్ టైము మన టైము కాదు, మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. నేను కొట్టిన పదీ పన్నెండంటే మనకు మధ్యాహ్నం మూడూ నలభై రెండు. నా కార్డూ అంతే. నన్ను నేనే బయట పెట్టి గడియ వేసుకున్నాను.

ఇదే అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. కానీ ఆ రోజు పదకొండింటిలోపు హైదరాబాద్ వాళ్ల పెద్ద ఆర్డర్‌ను సర్వర్ నుంచే ఖాయం చేయాలి. దాటితే వేరేవాళ్లకు పోతుంది. చల్లపల్లి కొట్టుకు నేసే నలభై మగ్గాలకు ఆర్నెల్ల పని అది. సర్వర్ ఉన్న కంపెనీకి ఫోన్ చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు.

"నేను మంచి ముహూర్తమే పెట్టించానే, నువ్వేం చేశావమ్మాయ్?" అన్నారు కోటేశ్వరమ్మ గారు, పూతరేకు చేతిలో పట్టుకునే.

పదకొండుకు పది నిమిషాలుందనగా హైదరాబాద్ నుంచి ఫోను. ఆర్డర్ ఖాయం చేసినందుకు థాంక్స్ అన్నారు. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

మధ్యాహ్నం తలుపు తెరుచుకున్నాక, ఎవరెప్పుడు లోపలికొచ్చారో సర్వర్ రాసిపెట్టుకునే లాగ్ చూశాను. మన టైము పదీ నలభై ఒకటికి ఒకే ఒక్క కనెక్షన్ లోపలికొచ్చింది, చల్లపల్లి కొట్టు ఇంటర్నెట్ నుంచి. ఆ కొట్టు షట్టర్ దించి ఉంది. తాళాలు మా ఎదురుగా కూర్చున్న కొత్త మేనేజరు జేబులో ఉన్నాయి. సర్టిఫికెట్ మీద పేరు వీరభద్రయ్య గారిది, ముహూర్తం గొడవ లేని పాతది. ఫారంలో మొదటి చీర పక్కన ‘లాభం’ అని ఉంది.

అందరికీ చూపించాను. కోటేశ్వరమ్మ గారు కళ్లు తుడుచుకుని, "ఆయన వాటా పూతరేకు పక్కన పెట్టండి" అన్నారు. అందరం నవ్వేశాం.

తాళంచెవి కాపీ ఇంకెక్కడైనా ఉందేమోనని నెలరోజులు వెతికాను. లేదు. పగలగొట్టిన డిస్కు ముక్కలు ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి. అది ఎలా జరిగిందో ఈ రోజుకీ చెప్పలేను.

ఆర్డర్ ఖాయమైన ఆ వారమే ఆయన సర్టిఫికెట్ రద్దు చేద్దామని కూర్చున్నాను. చేయడం నా ఉద్యోగ ధర్మం. కారణం ఎంచుకోమంది కంప్యూటర్. జాబితాలో ‘చనిపోయారు’ అనేది లేదు. దానికి దగ్గరగా ఉన్నది ‘పని ముగిసింది’ ఒక్కటే. దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నాను. ఆర్డర్ తాలూకు మొదటి చీర అప్పటికి ఇంకా మగ్గం దిగలేదు.

ఏదీ నొక్కకుండానే స్క్రీన్ మీది ఆ కిటికీ మూసేసి టీ తాగడానికి వెళ్లిపోయాను.