ప్రోతరాపూర్‌లో నన్నొక్కదాన్నీ వదిలేసిన దేవుడు

ప్రపంచం అంతమైపోయినప్పుడు నేను ఇడ్లీపిండి రుబ్బుతున్నాను. నవ్వకండి. ప్రపంచం అంతమైన సంగతి ఆ పూట అండమాన్ మొత్తంలో నాకొక్కదానికే తెలిసింది. మిగతావాళ్ళు తెలియక హాయిగా బతికేశారు. తెలిసినందుకు నేను చేసిన నిర్వాకం ఎంత ఘనమైనదంటే, ఇప్పటికీ మా ప్రోతరాపూర్ బస్సెక్కితే కండక్టరు "దీదీ, మైక్ టెస్టింగ్!" అని పలకరిస్తాడు. మీరూ అలాగే పలకరించండి, నాకేం ఫర్వాలేదు. ముందు సంగతి వినండి.

సునామీ వచ్చి వెళ్ళిన తర్వాతి రోజులవి. నీళ్ళు మా ఇంటిదాకా రాలేదు కానీ భయం మాత్రం వచ్చి కూర్చుంది. భూమి ఏదో ఒక పూట వణికేది. ఎవరో ఒకరు "పానీ ఆ రహా హై!" అని కేక వేసేవారు. ఊరంతా గుట్టెక్కేసేది. నీళ్ళు వచ్చేవి కావు. మళ్ళీ దిగేవాళ్ళం.

మా ఆయనకి డెలానీపూర్‌లో కిరాణా కొట్టు. ఇంట్లో పగలంతా నేను, మా అత్తగారు సువార్తమ్మ, ఇంకా అప్పలమ్మ. అప్పలమ్మ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలరి మనిషి. భర్త ఎప్పుడో పోయాడు. ఏళ్ళ తరబడి మా గుమ్మంలో చేపల గంప దించేది. ఆమె గుడిసెను అల పట్టుకుపోతే నేనే తీసుకొచ్చి మా వెనక గదిలో పెట్టాను. ఆమె వెంట వచ్చిన ఆస్తి ఒక చీర, ఒక కత్తిపీట, ఒక అమ్మవారి పటం.

ఇక నా దేవుడి సంగతి చెప్పాలి. అప్పట్లో ఆయన ఓడల జెట్టీలో సరుకు తనిఖీ చేసే అధికారిలా ఉండేవాడు. ప్రతి మూటా విప్పించాల్సిందే. అన్నం మాడితే "ప్రభువా, పొద్దున ప్రార్థనలో కునికినందుకా?" అనుకునేదాన్ని. కరెంటు పోతే, పక్కింటి కొత్త ఫ్రిజ్ చూసి ఈర్ష్యపడినందుకు అనుకునేదాన్ని. అండమాన్‌లో కరెంటు ఎలా పోతుందో తెలిసినవాళ్ళకి నేనెంతటి పాపాత్మురాలినో వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి సమయంలో మమ్మల్ని ఓదార్చడానికి మెయిన్‌లాండ్ నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మా మందిరం వెనక గదిలో బస. "సముద్రం ఊరికే రాలేదు, పాపులను వెతుక్కుంటూ వచ్చింది!" అన్నది ఆయన ఓదార్పు. మా ఇంటికి టీకి వచ్చినప్పుడు వెనక గదిలోకి తొంగిచూశాడు.

"సిస్టర్, ఆ పటం ఎవరిది?"

"అప్పలమ్మదండి. పాపం, ఇల్లు కొట్టుకుపోయింది."

"ఎందుకు కొట్టుకుపోయిందో ఆ పటమే చెబుతోంది కదమ్మా! రేపు ఆకాశంలో బూర మోగి ప్రభువు వస్తే విశ్వాసులందరూ ఒక్క క్షణంలో పైకి ఎత్తబడతారు. మీరు మాత్రం ఆ పటంతోపాటు ఇక్కడే మిగిలిపోతారు. ఆదివారంలోగా ఆమెను పంపించేయండి."

"అలాగే అయ్యగారూ," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అనడం తేలికే కానీ చెప్పడం ఎలా? అప్పలమ్మ వెళ్ళాల్సింది ఇళ్ళు పోయినవాళ్ళ కోసం వేసిన, ఎండకి ఉడికిపోయే క్యాంపు టెంటుకి. పొద్దున చెబుదామనుకుంటే అప్పటికే నాకోసం చేపల పులుసు పొయ్యి మీద ఉండేది. సాయంత్రం చెబుదామనుకుంటే మా అత్తగారి మోకాళ్ళకి నూనె రాస్తూ కనిపించేది. అలా శనివారం వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం వెనక షెడ్డులో గ్రైండర్ వేసుకుని, ఆమెకు చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటున్నాను. మా గ్రైండర్ పాతది. తిరిగితే నేలా గోడలూ వణికేవి. అది తిరుగుతుండగా భూకంపం వచ్చినా తేడా తెలిసేది కాదు. తెలియలేదు కూడా.

పిండి తీసి లోపలికొచ్చాను. "అత్తయ్యా!" పలుకు లేదు. "అప్పలమ్మా!" పలుకు లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. టీవీ తనకు తానే పాడుకుంటోంది. మంచం మీద మా అత్తగారి కళ్ళజోడు, పక్కన చేతికర్ర. ఆవిడ ఆ కర్ర లేకుండా గుమ్మం దాటదు. వీధిలోకి పరిగెత్తాను. దారి పొడుగునా వదిలేసిన చెప్పులు, టీకొట్టులో పొంగిపోతున్న పాలు, ఒక కుక్క. మనిషన్నవాడు లేడు.

బుద్ధి ఉన్న మనిషైతే గుట్టవైపు చూస్తుంది. నేను ఆకాశంవైపు చూశాను.

అయిపోయింది. వచ్చేశాడు. అందరినీ తీసుకుపోయాడు. నన్ను వదిలేశాడు.

మొదట ఏం చేశాననుకుంటున్నారు? మోకరించలేదు. నైటీ విప్పి తెల్లచీర కట్టుకున్నాను. తీర్పు రోజున నైటీలో ఎలా నిలబడతాం? కుచ్చెళ్ళు సర్దుకుంటూ వెనక గదిలోకి చూశాను. అమ్మవారి పటం గూట్లోనే ఉంది. అప్పలమ్మ లేదు. పటాన్ని వదిలేసి మనిషిని తీసుకెళ్ళాడు! అప్పుడు నాకు ఆశ్చర్యం వేయాలి కదా? వేయలేదండీ. "తీసుకెళ్ళక ఏం చేస్తాడు?" అనిపించింది. వెంటనే ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే చెప్పలేనంత కోపమొచ్చింది.

తిన్నగా రెండిళ్ళ అవతలున్న మందిరానికి వెళ్ళాను. ఊరంతటికీ వాక్యం వినిపించాలని స్తంభం మీద హారన్లు గుట్టవైపు తిప్పి కట్టారు. ఆదివారాలు మైకు పెట్టేది నేనే. ప్రభువు అప్పటికే మేఘాలు దాటి ఉంటాడు, మామూలు గొంతు అందదని మీట పూర్తిగా తిప్పేశాను.

"ప్రభువా, ఆగు! నేను ఎస్తేరుని! నన్ను మరిచిపోయి వెళ్ళావు! మా అత్తను తీసుకెళ్ళావా? చక్కెర డబ్బా దాచేసి చీమలు తినేశాయని చెప్పే మనిషిని? టీకొట్టు భయ్యా అసలు నీ మందిరం గడప తొక్కలేదు, పాలలో నీళ్ళు పోస్తాడు, ఆయన్నీ తీసుకెళ్ళావా? అప్పలమ్మ సంగతి వేరు. ఆమెను తీసుకెళ్ళినందుకు నేనేమీ అనను. ఇల్లు పోయిన మనిషి దొరికిన చేపంతా మాకే వండిపెట్టింది. నువ్వు చూసింది పటాన్ని కాదు, ఆ మనిషిని. మరి ఆమెను వెళ్ళగొట్టమని నాకెందుకు చెప్పించావు? నువ్వు చెప్పించి ఉండవు! అది ఆ ప్రసంగీకుడి మాట! ఆయన్ని కూడా తీసుకెళ్ళి ఉంటే నన్ను పిలవకు, నేను రాను!"

వెనక తలుపు కిర్రుమంది. తుండుగుడ్డ కట్టుకుని, తలనిండా సబ్బు నురగతో ప్రసంగీకుడు.

"సిస్టర్... స్నానం చేస్తున్నాను. ఏదో అదిరినట్టయింది. బయటికొస్తే ఎవరూ లేరు. అందరూ ఏరీ?"

"ఎత్తబడ్డారండి. మీరూ నేనూ మిగిలాం."

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. "అసంభవం! ఎక్కడో పొరపాటు జరిగింది! నేను దైవసేవకుణ్ణి!"

"అప్పలమ్మ కూడా వెళ్ళిపోయిందండి."

"ఆ పటంతోనా?"

"పటం ఇంట్లోనే ఉంది. మీకేమైనా పనికొస్తుందా?"

అప్పుడు గుట్టమీద నుంచి పెద్ద శబ్దం వచ్చింది. బూర కాదు, నవ్వు. ఊరు ఊరంతా ఒక్కసారి నవ్వితే ఎలా ఉంటుందో ఆ రోజే విన్నాను. మైకు ఇంకా మోగుతూనే ఉంది మరి.

జనం దిగి వచ్చారు. అందరికంటే ముందు అప్పలమ్మ, ఆమె వీపు మీద మా అత్తగారు. కర్ర తీసుకునే వ్యవధి లేక అప్పలమ్మే మోసుకుని గుట్టెక్కిందట.

"పిలిచి పిలిచి గొంతు పోయిందే! ఆ గ్రైండర్ రొదలో నీకు వినపడితే కదా? ముందే పరిగెత్తావనుకున్నాం," అంది మా అత్తగారు. "చక్కెర డబ్బా సంగతి ఇంటికెళ్ళాక తేలుస్తాను."

"దూధ్ మే పానీ నహీ, దీదీ," అన్నాడు టీకొట్టు భయ్యా నొచ్చుకుంటూ. "బర్తన్ గీలా థా." పాలలో నీళ్ళు కాదట, గిన్నె తడిగా ఉందట!

అందరూ మళ్ళీ నవ్వారు. అప్పలమ్మ నవ్వలేదు. మా అత్తగారిని మెల్లగా దించింది.

"ఏటి దీదీ, నన్ను ఎల్లగొట్టమన్నారేటి? నాకు సెప్పనేదేం? ఓ మాటంటే నానే ఎల్లిపోదును గదా."

నవ్వులు ఆగిపోయాయి. ప్రసంగీకుడు గడ్డం మీది నురగ తుడుచుకుంటూ నావైపు చూశాడు. "ఆదివారం" అన్నట్టే ఉంది ఆ చూపు.

"చెప్పమన్నారు. చెప్పను," అన్నాను. "వెనక గది నీది. పటం నీ ఇష్టమొచ్చిన గోడకి పెట్టుకో." ఆయనవైపు తిరిగాను. "అయ్యగారూ, నేనూ మీ దేవుడికే మొక్కుతాను. కానీ కాస్త ముందు ఆయన అప్పలమ్మను తీసుకెళ్ళాడంటే నేను నిజంగా నమ్మేశాను. అదీ నా విశ్వాసం. మీరు ఏ వాక్యం చూపించినా ఇక తిరగను."

ఆయన ఏదో అనబోయాడు. కళ్ళలో సబ్బు పడింది.

అప్పలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గాలి పీల్చింది. "ఒలమ్మ, మాడు వోసనొత్తంది! దీదీ, పొయ్యి ఆర్పనేదేటి?"

అన్నం బొగ్గయింది. ఏ పాపానికి మాడిందోనని ఈసారి వెతకలేదు. పొయ్యి ఆపలేదు కాబట్టి మాడింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కరెంటు పోతే పోయింది అనుకుంటాను, అంతే. తనిఖీ అధికారి బదిలీ అయిపోయాడు. ఆ స్థానంలోకి వచ్చిన దేవుడితో మాత్రం రోజూ పోట్లాడతాను. విసుక్కోకుండా వింటాడు.

కాబట్టి పాఠకులారా, ఇదుగో తెల్లచీర కట్టుకుని, కుచ్చెళ్ళు సర్దుకుని ప్రమాణం చేస్తున్నాను: ఊరు ఖాళీగా కనబడితే ముందు పొయ్యి ఆపుతాను, ఆ తర్వాత గుట్టవైపు చూస్తాను, అక్కడా ఎవరూ లేకపోతేనే ఆకాశంవైపు చూస్తాను. బతికున్నంతకాలం మందిరం మైకు ముట్టుకోను. ఇక నిజంగానే ఆ రోజు వచ్చి, అప్పలమ్మను ఇక్కడే వదిలేసి నన్నొక్కదాన్నే రమ్మంటే మాత్రం, గ్రైండర్ వేసుకుని కూర్చుంటాను. ఎంత బూర ఊదినా నాకు వినపడదు.