ఆరు సెక్షన్లు అటకెక్కిన కథ

కార్మికుల మేలు కోసం రీసెర్చి చేసి, మా నాన్న అప్పన్న పనిచేసే ఫ్యాక్టరీలోనే కార్మికుల నోరు మూయించిన మహాతల్లిని నేను. నవ్వుదురుగాని, ముందు వినండి.

ఖరగ్‌పూర్‌లో, తాల్‌బగీచా పేటలోని మా ఇంట్లో ఉంటూ పీహెచ్‌డీ వెలగబెడుతున్న రోజులవి. రైలు పెట్టెలకు విడిభాగాలు చేసే ఆ ప్రైవేటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లు కార్మికులతో కూర్చుని టీ తాగడం మొదలుపెట్టారు. దానివల్ల గొడవలు తగ్గాయా? ఇదే నా పరిశోధన. సైకిలేసుకుని ఏడు సెక్షన్లూ తిరిగాను. ఆరింటిలో "ఏటీ తగ్గలేదమ్మా, టీ మాత్రం బాగుంది" అన్నారు. నాన్న సెక్షన్లో మాత్రం అందరూ ఒక్క గొంతుతో "తగ్గిపోనాయి!" అన్నారు.

మా గైడు బెంగాలీ పెద్దాయన. కాగితాలు చూసి నిట్టూర్చాడు.

"ఏమీ తేలలేదని రాస్తే ఏ పత్రిక వేసుకుంటుంది, అమ్మా?"

"మరి ఆ ఏడోది, సార్?"

"ఠీక్ హై, అదొక్కటీ రాయి."

రోగి కోరిందీ అచ్చే, వైద్యుడు చెప్పిందీ అచ్చే! ఆరు సెక్షన్ల కాగితాలు అటకెక్కించి ఒక్కదాని గురించే రాశాను. చక్కగా అచ్చయింది. నాన్న ఆ పత్రిక పట్టుకుని ఊళ్లో ఇందా అనే పేట బజారంతా తిరిగాడు. ఇంగ్లీషు చదవడం రాదు, అయినా నా పేరు మీద వేలు పెట్టి అందరికీ చూపించేవాడు. ఆ వేలు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

ఆ పత్రిక ఫ్యాక్టరీ మేనేజరుకూ చేరింది. నెల తిరక్కుండా, కార్మికుల మొర వినే శుక్రవారం మీటింగు రద్దయింది. "టీ చాలని మీ అమ్మాయే రాసింది కదా!" అన్నాడట నాన్నతో.

ఆదివారం పొద్దున్నే, నాన్నతో పనిచేసే ఫిట్టరు సింహాచలం మావయ్య మా గుమ్మంలో వాలాడు.

"ఏటమ్మా, ఇలా సేసినావు? మొన్న నా సెయ్యి మిషన్లో పడబోయింది. సెప్పుకోడానికి సోటు లేదిప్పుడు."

"గొడవలు తగ్గాయని మీరే కదా మావయ్యా అన్నారు?"

"ఎక్కడ తగ్గినాయమ్మా! మన అప్పన్న కూతురు పరీక్ష తప్పిపోద్దేమోనని అందరం ఔననీసినాం."

నిజం చెప్పిన ఆరు సెక్షన్లూ అటక మీద, నా మీద ప్రేమతో ఆడిన అబద్ధం అచ్చులో!

మర్నాడు ఆ కాగితాలన్నీ దులిపి మేనేజరు ముందు పెట్టి, "తప్పు నాదే" అన్నాను. పక్కన నాన్న తలొంచుకుని నిలబడ్డాడు. ఆ నిమిషం సిగ్గుతో చచ్చిపోయాను. మీటింగు తిరిగి మొదలైంది. ఆరు సెక్షన్ల సంగతి రాసి అదే పత్రికకు పంపితే మాత్రం, కొత్తగా ఏమీ తేలలేదంటూ తిప్పి పంపారు.

కనుక పాఠకులారా, మా గైడుగారి కళ్లద్దాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై తేలనిదాన్ని తేలలేదనే రాస్తాను. నన్ను ఎత్తుకు పెంచినవాళ్లను మాత్రం జన్మలో ప్రశ్నలడగను.