గోలెంల రెండు పడవలు

మొన్న ఇంట్ల అల్మారా కోసం మేస్త్రి ప్లైవుడ్ కోస్తుంటే, ఆ పొట్టు వాసనకు బాపు యాదికొచ్చిండు.

బాపు మానేరు వాగుల చేపలు పట్టేటోడు. తెర్మాకోల్ తెప్ప మీద ఒక్కడే తిరిగి తిరిగి, ఆఖరికి ప్లైవుడ్‌తోని సొంత పడవ చేసుకుందామనుకున్నడు. ముందుగాల అట్టముక్కలతోని రెండు చిన్న పడవలు చేసి, నీళ్ల గోలెంల ఇడిసిండు. ఒకటి సన్నగ, ముక్కు కోసుగ ఉన్నది. ఇంకోటి ఎడల్పుగ, అడుగు చదునుగ ఉన్నది. రెండిట్లనూ ఒక పెద్ద గులకరాయి, ఒక చిన్న గులకరాయి పెట్టి చూసిండు. సన్నది బోర్లపడ్డది.

"గీ ఎడల్పుదే చేద్దాం బిడ్డా" అన్నడు.

నాకేమో సన్నదే నచ్చింది. "గదేం పడవ బాపూ? బర్రెల కుడితి తొట్టి! నేనైతే ఎక్క, దోస్తులు నవ్వుతరు."

"తొట్టే గానీ, మునగదే" అని బాపు నవ్విండు.

పడవల రెండు పీటలు కొట్టిండు. నేను అలిగి ఒక్కనాడు గూడ ఎక్కలే. బాపు ఒక్కడే ఎనక కూసుంటే ముందుభాగం పైకి లేస్తుందని, ముందు పీట మీద ఒక బండ పెట్టుకొని పోయేటోడు.

"బండను షికారుకు తోల్కపోతున్నవా బాపూ?" అని ఒడ్డు మీదికెల్లి ఎక్కిరించేదాన్ని.

"అవునే, గిది అలగదు" అనేటోడు.

గోలెంల ఆ చిన్న గులకరాయి నేనేనని బాపు పోయినంక గానీ నాకు సమజ్ కాలే. పడవ ఎప్పుడో చీకిపోయింది. నా జాగల కూసున్న బండ మాత్రం ఇంకా ఒడ్డు మీదనే ఉన్నది. మొన్న పోయి దాని పక్కన కూసున్న.