మీసం గొరిగిన నవల

ఇంట్లో ఆవిడను పురుగు అంటారు. పుస్తకాల పురుగు అని మొదలుపెట్టిన పేరు పిలవగా పిలవగా అరిగిపోయి అంతే మిగిలింది. ఆవిడేం బాధపడలేదు. ఏ పుస్తకం దొరికినా అట్టతో సహా నమిలేసే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

అన్నయ్య కళ్లజోళ్ల కొట్టులో వెనక గది పురుగుది. గది అంటే ఓ ఎత్తు కుర్చీ, గోడ మీద అక్షరాల పట్టీ, ట్రేలో వరసగా పేర్చిన అద్దాలు, వచ్చినవాళ్ల ముక్కు మీద పెట్టి అద్దాలు మార్చి మార్చి చూపించే ఓ బరువైన ఫ్రేము. కళ్ల పరీక్ష చదువు చదివి, పట్టా తెచ్చుకుని, ఆ గదిని ఆవిడ సంపాదించుకుంది. ముందు వైపు కౌంటరు వదినది. అన్నయ్యది ఆ రెండింటికీ మధ్య ఉన్న చోటు, అంటే ఎవరు అరిచినా మొదట ఆయనకే వినబడే చోటు.

ఈ మధ్య పురుగుకు కొత్త నవలల పిచ్చి పట్టింది. ఎవరో మంచుదేశంవాడు రాసిన నవల అనువాదం తెచ్చుకుంటే, సగం పుస్తకం దాకా ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకాయన చివరికి తలుపు వేయమన్నాడు, ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. మన భాషలోనే ఓ కుర్రాడు రాసిన నవల్లో కథంతా లిఫ్టు చెబుతుంది. మొగుడూ పెళ్లాల గొడవ రసపట్టులో పడేసరికి వాళ్ల అంతస్తు వచ్చేస్తుంది, తలుపులు మూసుకుంటాయి, మిగతాది మన ఊహకే. ఆ కుర్రాడు కనిపిస్తే నాలుగు దులిపేయాలనుకుంది కానీ, అప్పట్నుంచి లిఫ్టు ఎక్కితే గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఇక పరాయిదేశపు పేర్లకు నోరు తిరగక, ఆ నవలల్లో మనుషులకు చుట్టాల వరసలు పెట్టుకునేది. చీటికీమాటికీ చిర్రుబుర్రులాడే ఇల్లుగలావిడ ఏ దేశంలో తగిలినా ఆవిడ పేరు వదినే. ఈ సంగతి వదినకు తెలియదు, తెలియకపోవడమే అందరికీ మంచిది.

చదువుకుంటే ఎవరూ కాదనరు. గొడవల్లా ఆ నవలలు పరీక్ష గదిలోకి రావడంతో వచ్చింది.

దగ్గరి చూపు చూడడానికి కంపెనీవాళ్లు ఇచ్చిన అట్ట ఒకటుంది. దాని మీద చేతులు శుభ్రంగా కడుక్కోవడం గురించి నాలుగు ముక్కలుంటాయి. ఏళ్ల తరబడి అదే అట్ట కావడంతో వీధి మొత్తానికీ కంఠతా వచ్చేసింది. చత్వారం ముదిరి కాగితం ఎటు తిప్పి పట్టుకున్నాడో తెలియని పెద్దమనిషి కూడా గడగడా అప్పజెప్పి, అంతా బ్రహ్మాండంగా కనిపిస్తోందని లేచిపోయేవాడు. విసుగెత్తి పురుగు ఆ అట్టను సొరుగులో పడేసి, తను చదువుతున్న నవల వాళ్ల చేతుల్లో పెట్టడం మొదలుపెట్టింది. పెద్దక్షరాలకు అధ్యాయం పేరు, మామూలు అక్షరాలకు కథ, మరీ చిన్నక్షరాలకు అనువాదకుడు పేజీ అడుగున ఇచ్చిన వివరణలు. ఆ వివరణలు కూడా చదవగలిగితే అద్దాలు కుదిరినట్టే.

ఆ నవల్లో ఒకావిడ రైల్వే స్టేషనులో జనం పారేసుకున్న సామాన్ల గదికి కాపలా. ఎవరూ వచ్చి అడగని సూట్‌కేసు ఒకటి ఏళ్లుగా అక్కడ పడి ఉంటుంది. ఓ రోజు ఉండబట్టలేక దాని తాళం తీస్తుంది. పురుగు సరిగ్గా ఆ పేజీయే తెరిచి ఇచ్చేది. ఇందులో ఆవిడ కొంటెతనం బొత్తిగా లేదనడానికి వీల్లేదు. కుర్చీ ఎక్కినవాళ్లు దిగేవారు కాదు. రొట్టెల కొట్టాయన కొత్త కళ్లజోడు పట్టుకెళ్లిన వారానికే మళ్లీ చూపు మందగించిందంటూ వచ్చి కూర్చున్నాడు. బయట కుర్చీలన్నీ నిండిపోతుంటే వదిన మొహం గంటు పెట్టుకునేది. అసలు నవల కనబడితేనే ఆవిడ మొహం అలా అయిపోతుందని, పుస్తకమంటే పడని మనిషని పురుగు ఎప్పుడో తేల్చేసుకుంది.

అలాంటి రోజుల్లో వదిన వాళ్ల నాన్న వచ్చాడు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. నవలలంటే అబద్ధాల పుట్టలనీ, పనీపాటా లేనివాళ్ల వ్యాపకమనీ ఆయన అభిప్రాయం, అది అడక్కుండానే చెబుతాడు. పాత ఫ్రేములోకే కొత్త అద్దాలు వేయించుకుందామని వచ్చి కుర్చీ ఎక్కాడు. పురుగు నవల ఇచ్చింది. ఆయన పుల్లవిరుపుగా అందుకుని, అక్షరం ముక్క కనిపించడం లేదన్నాడు. అద్దం మార్చింది. ఇంకా మసగ్గానే ఉందన్నాడు. ఇంకాస్త పవరు పెంచింది. పేజీ తిప్పి చూస్తానన్నాడు, అటువైపు అచ్చు బాగుందేమోనట. అలా పవరు పెరిగింది, పేజీలు తిరిగాయి, పుస్తకం ఆయన ముక్కు దాకా వచ్చింది. ఇంకెవరైనా అయితే పురుగు అనుమానించేదే. కానీ గోరంత తేడా వస్తే తక్కెడ జప్తు చేసిన మనిషి అబద్ధమాడతాడని ఎవరు అనుకుంటారు? ఆయన చెప్పిన పవరే రాసిచ్చింది.

ఆ కళ్లజోడు పెట్టుకుని ఆయన అద్దం ముందు మీసం కత్తిరించుకున్నాడు. ఎడమవైపు కాస్త ఎక్కువ తెగింది. సమం చేద్దామని కుడివైపు తగ్గించాడు. మళ్లీ ఎడమవైపు బరువనిపించింది. కొలతలు తెలిసిన మనిషి కదా, సమం కాందే వదల్లేదు.

మర్నాడు వదిన ఆయన్ను చెయ్యి పట్టుకుని కొట్టులోకి తీసుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి పైపెదవి ఆవిడ చూడ్డం అదే మొదలు. నవ్వాలో ఏడవాలో తెలియక కోపం తెచ్చుకుంది. ఇద్దరూ కలిసి అన్నయ్యను నిలదీశారు. అన్నయ్య పురుగు వైపు చూడకుండా, రేపట్నుంచి నువ్వు కౌంటర్లో ఫ్రేములు తుడువు, గదిలోకి ఇంకెవరినైనా పెట్టుకుందామన్నాడు. ఆ గది తప్ప తనదంటూ పురుగుకు లోకంలో మరో చోటు లేదు.

పురుగు తలెత్తేసరికి, ఇన్‌స్పెక్టరుగారి చూపు ట్రే పక్కనున్న నవల మీద ఉంది. అందరూ తన మీసం గురించి అరుచుకుంటుంటే ఆ పెద్దమనిషి పుస్తకం వైపు చూస్తున్నాడు. పురుగుకు అప్పుడు తట్టింది.

గది వదిలి పోయేముందు ఒక్కసారి ఆయన చూపు చూసి తప్పు సరిదిద్దుతానంది. అన్నయ్య సరేనన్నాడు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రేములో ఆయన ఇదివరకటి పాత పవరు అద్దాలే వేసి, నవల తెరిచి చేతికిచ్చింది. తెరవడం మాత్రం మొన్నటి పేజీకి ఓ అధ్యాయం అవతల తెరిచింది.

“పైకి చదవండి మామయ్యగారూ.”

ఆయన దర్జాగా మొదలుపెట్టి, ఆవిడ సూట్‌కేసుతో పడవెక్కిందన్న దగ్గర టక్కున ఆగిపోయాడు.

“పడవేమిటి? ఆవిడ ఇంకా స్టేషన్లోనే కదా ఉంది! ఆ సూట్‌కేసులో తన పెళ్లి ఫోటోయే కనబడి కూలబడిపోయింది కదా! మధ్యలో పేజీలు ఏమయ్యాయమ్మా?”

అన్నయ్యే నెమ్మదిగా, మొన్న అక్షరం ముక్క కనబడనప్పుడు ఆ ఫోటో ఎలా కనబడింది మామయ్యగారూ అని అడిగాడు. ఆయన చెయ్యి మీసం కోసం వెళ్లి, అక్కడ ఏమీ దొరక్క కిందికి దిగిపోయింది.

“కనబడుతోందంటే పుస్తకం లాక్కుంటుందేమోనని,” అన్నాడు చిన్నగా.

వదిన మొదట పక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే తండ్రి వైపు తిరిగింది.

“లాక్కున్నది మీరు నాన్నా. కాలేజీ రోజుల్లో నా చేతిలో నవల లాక్కుని అటక మీదికి విసిరేశారు, మళ్లీ దొరకలేదు. చదవాల్సినవి కాసిని పేజీలే మిగిలున్నాయి. అందులో పిల్ల ఇల్లు చేరిందో లేదో నాకిప్పటికీ తెలీదు. నవల కంటబడితే చాలు, కడుపు మండిపోతుంది.”

ఆయన తల దించుకున్నాడు. పుస్తకం పేరు గుర్తుందా, వెతికి తెస్తానన్నాడు. తన చేతికొచ్చేసరికే పేరున్న పేజీ ఊడిపోయి ఉందని చెప్పింది వదిన. చిర్రుబుర్రులాడే ఇల్లుగలావిడలందరికీ తను పెట్టిన పేరు గుర్తొచ్చి పురుగుకు సిగ్గేసింది.

వదిన కళ్లు తుడుచుకుని, తండ్రిని భుజం పట్టుకుని కుర్చీలోంచి లేపింది. ఆయన పుస్తకం వదిలితేగా, వేళ్లు విడదీసి మరీ తీసుకుంది. కౌంటర్లో కాసేపు మీరుండండని మొగుడికి చెప్పి, కుర్చీ ఎక్కి, పురుగుకేసి మొహం చాపింది.

“నాకూ ఈ మధ్య ఏమీ కనబడట్లేదు పురుగూ. మొదటి పేజీ నుంచి పెట్టు.”

పురుగు ట్రే జోలికి పోలేదు. అద్దాలు లేని ఉత్త ఫ్రేము తీసి వదిన ముక్కు మీద పెట్టింది.