కోమల తరఫున నేను చెప్పిన మాట

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం నా గొంతుకు అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, అది దిగదు. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మలేషియాలోని బాగన్ దాతుక్‌లో కొబ్బరి తోటల పక్కన మా ఇల్లూ, నా స్నేహితురాలు కోమల ఇల్లూ ఒకే వరుసలో ఉండేవి. వాళ్ల నానమ్మకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఆస్పత్రిలో డాక్టరు మలయ్ భాషలో చెప్పినది ఆమెకు, ఆమె చెప్పినది డాక్టరుకు కోమలే వివరించేది. అలా వెళ్లి వెళ్లి తానే డాక్టరు కావాలనుకుంది. దానికి ఇంటర్ లాంటి ఫారం సిక్స్‌లో బయాలజీ తీసుకోవాలి. మా బడిలో ఆ తరగతి తెరవడానికి పిల్లలు చాలరు. మేమిద్దరం చేరితే సరిగ్గా సరిపోతుందని టీచర్ అన్నారు. చేరతానని కోమలకు మాటిచ్చాను.

సబ్జెక్టులు ఖాయం చేసే రోజు కోమల నానమ్మతో ఆస్పత్రికి వెళ్లింది. మాలో ఒకరు చెబితే ఇద్దరూ చెప్పినట్టేనని బడిలో అందరికీ అలవాటు. టీచర్ నన్నే అడిగారు. కోమల వాళ్ల నాన్న అకౌంట్స్ చదవమన్నారని, మా ఇద్దరికీ బయాలజీ వద్దని చెప్పేశాను.

ఎందుకు? బయాలజీతో పాటు తప్పక చదవాల్సిన కెమిస్ట్రీ అంటే భయమని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. భయమే అయితే నేనొక్కదాన్నే తప్పుకోవచ్చుగా? నేను తప్పుకుంటే టీచర్ కోమల కోసం టౌన్ బడిలో సీటు చూసేవారు. అది తెలిసే తన పేరూ కలిపాను. అసూయ. కోమలను చూసి నేర్చుకోమని మా అమ్మ పొద్దస్తమానం దెప్పుతుంటే, రేపు ఈమె డాక్టరమ్మయి వీధిలోకి వస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలని కుళ్లిపోయాను.

మర్నాడు కోమలతో, బయాలజీకి పిల్లలు చాల్లేదట, టౌన్ బడిలోనూ సీట్లు లేవట అన్నాను. భయంతో నాకే ఏడుపొచ్చింది.

"ఏటే, నువ్వేడుత్తావేటి?" అంది. "నా కోసం సేరతానన్నావు, నీకూ పోయినాది. పిల్లలు రాకపోతే నువ్వేటి సేత్తావు? ఏడవకు లా." మాట చివర "లా" అనడం మలయ్ నుంచి మాకు అంటిన అలవాటు.

"నానేటీ సెయ్యలేదే," అన్నాను.

నా మొహం తనే తుడిచింది. ఆ టీచర్ త్వరలోనే బదిలీ అయి వెళ్లిపోయారు. నన్ను నిలదీసేవాళ్లే లేకపోయారు.

ఇప్పుడు కోమల క్లాంగ్ పట్నంలో ఒక క్లినిక్ కౌంటర్ దగ్గర కూర్చుని రోగుల పేర్లు పిలుస్తుంది. ఈ ఏడు నా కూతురు ఫారం సిక్స్‌కు వెళుతోంది. దాన్ని బయాలజీ వదలనివ్వొద్దని, మనకు పోయినట్టు దానికి పోకూడదని కోమల ఫోన్ చేసి మరీ పోరుతోంది. "మనకు" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా చచ్చిపోవాలనిపిస్తుంది. నిజం చెబితే తన చదువు తిరిగొస్తుందా? చెప్పకుండా ఇంకెన్నాళ్లు ఆ గొంతు వినను?

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. తనకు చెప్పే ధైర్యమూ ఇంకా రాలేదు. మీకైనా చెబుతున్నాను. ఆ తరగతి పిల్లలు లేక ఆగలేదు. నేను ఆపాను. కోమలను డాక్టరు కాకుండా చేసింది నేను.

అమ్మయ్య. అనేశాను.