వాకిలి తప్పిన ముగ్గు

శుక్రవారం తెల్లవారుజామున అమ్మణి పదిహేను చుక్కల ముగ్గు వేసింది. గీత ఎక్కడా వణకలేదు, మూలలు చక్కగా కలిశాయి. లోపమల్లా ఒక్కటే, అది పక్కింటి వాకిలి. ఆ ఇంటి భక్తవత్సలానికి ఆరోజు వాళ్లమ్మ తద్దినం. తద్దినం నాడు వాకిట్లో ముగ్గు ఉండకూడదు. చావు జరిగిన ఇంటి ముందూ ఉండదు. కాబట్టి అతను బిందెతో నీళ్లు కుమ్మరించి ముగ్గు కడుగుతుంటే, బోసిగా ఉన్న అమ్మణి గుమ్మం ముందు పూలమ్మే సీతాలక్ష్మి బుట్ట దించి ముక్కు చీదింది.

"ఎవురమ్మా పోయింది?"

"ఎవురూ పోలా. రెండు మూర్ల మల్లెలు ఇయ్యి," అంది అమ్మణి.

మాధవరం స్కూల్లో ముప్పై ఏళ్లు, మూడొందల మంది పిల్లల సాంబారులో గరిటె కొలత లేకుండా ఉప్పేసి, ఏనాడూ లెక్క తప్పని మనిషి అమ్మణి. చెన్నై వ్యాసర్పాడిలో ఆ రెండిళ్ల తలుపులూ ఒకే రంగు, ఎవరైనా పొరబడతారులే అని అందరూ సర్దిచెప్పారు. తనూ నవ్వింది. కానీ మల్లెలు ఫ్రిజ్ మీదే వాడిపోయాయి. అమ్మణి తల్లికీ మతిమరుపు ఇలాగే మొదలైంది. ఇరవయ్యొక్క చుక్కలు పెట్టి, కలపడం తెలియక పిండి గుప్పిట్లో పట్టుకుని నిలబడిపోయింది. మరుసటేడు కూతుర్నే "ఎవురమ్మా నువ్వు?" అనడిగింది.

డాక్టరు చూసి, ఇప్పటికి భయం లేదన్నాడు. అమ్మణికి నమ్మకం కుదరలేదు.

మనవరాలు నివేదిత మెదడు పరిశోధన జరిగేచోట ఎలుకల్ని చూసుకుంటుంది. "పయపడొద్దు అవ్వా. ముసలి ఎలుక మెదడులో గూడా కొత్త కణాలు మొలుస్తాయి. పని లేకపోతే కొన్నాళ్లకే చచ్చిపోతాయి. కొత్తగా ఏదన్నా నేర్చుకుంటే పాత వాటితో చేతులు కలిపి బతికిపోతాయి."

"మనుషులకో?"

"అదే ఇంకా తేల్లా. పెద్ద పెద్దోళ్లే కొట్లాడుకుంటా ఉండారు."

"వాళ్ల కొట్లాట తీరేదాకా నేను గమ్మునుండాలా?"

మర్నాటి నుంచి రోజుకో కొత్త ముగ్గు. మసక వెలుతురులో వంగి చుక్కలు పెడుతుంటే నేల మెల్లగా నేల కాకుండా పోయేది. తడి మట్టివాసనలో ఒక్కో చుక్కా అప్పుడే కళ్లు తెరిచి, ఎవరైనా వస్తారా అని చూస్తున్నట్టుండేది. గీత వంపు తిరిగి వచ్చి చుట్టుకోగానే చుక్క కుదుటపడేది. దూరంగా యార్డులో రైలుపెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు తన తలలోంచే వస్తున్నట్టనిపించేది. ఒక్క చుక్క ఒంటరిగా మిగిలినా లేచేది కాదు అమ్మణి. పాలప్యాకెట్లు ఎండలో పడుండేవి.

నలభయ్యో రోజున అమ్మ ముగ్గు మొదలుపెట్టింది. ఇరవయ్యొక్క చుక్కలు, ఒకే గీత. ముందుగా కాగితం మీద వేసి చూసుకోలేదు. మధ్యలో చెయ్యి ఆగింది. పిండి గుప్పిట్లో ఉంది, దారి లేదు. కళ్లు మూసుకుంది. ఆ చీకట్లో అమ్మ మణికట్టు గాజులతో సహా ఎడమకి తిరిగింది. అమ్మణి చెయ్యీ తిరిగింది. గీత పాకుతూ పాకుతూ, రెండిళ్ల వాకిళ్లూ చుట్టి, బయల్దేరిన చోటికే వచ్చి ముడిపడింది.

తలుపు తీసిన భక్తవత్సలం చెప్పులు కాళ్లకు తగిలించుకోకుండా అలాగే నిలబడ్డాడు. "ఏందక్కా ఇది, నా వాకిట్లోకి మళ్లా వచ్చేసినావే!"

"ఈతూరి దారి తెలిసే వచ్చినా తమ్ముడూ, తొక్కకుండా పో."